శాపం పెట్టింది ఎవరు, తగిలింది ఎవరికి?

ఈ వానాకాలంలో హైలాండ్ శాపగ్రస్త వీరుల నవలలు వరసపెట్టి చదివాను. ఈ బాపతు పుస్తకాలు అలవాటున్నవాళ్లకు కథ చెప్పనక్కర్లేదు. స్కాట్లండ్ ఉత్తరాన కొండల మధ్య పాడుబడ్డ కోట. అందులో చావు రాక, బతుకు మీద తీపి లేక, వందల ఏళ్లుగా కుమిలిపోతున్న దొర. రాత్రయితే అతన్ని మనిషి కాకుండా చేసే శాపం. ఆ శాపానికి కారకుడైన డ్రూయిడ్, అంటే పాతకాలపు కెల్ట్ జాతుల పూజారి. ఏమీ ఎరగకుండా ఆ కోట గుమ్మం ముందు వచ్చి పడే అమ్మాయి. ఆమెలోనూ డ్రూయిడ్ రక్తం ఉందని సగం పుస్తకం గడిచాక తెలుస్తుంది. ఆఖరున యుద్ధం, ఆ తర్వాత పెళ్లి, రాబోయే భాగం కోసం పెళ్లికొడుకు తమ్ముడి మీద ఒక పేరా.

ఇష్టపడే చదివాను, ఇంకా చదువుతాను. చరిత్ర తప్పిందని నాకు బాధ లేదు. డ్రూయిడ్లు రోమన్ల కాలం వాళ్లు. క్లాన్లనే హైలాండ్ వంశాలు, వాళ్ల కోటలు అంతకు వెయ్యేళ్లు తర్వాతివి. మంత్రాలన్నీ జరిగే ఆ నిలువురాళ్ల వలయాలేమో డ్రూయిడ్ల కంటే రెండు వేల ఏళ్లకు పైగా పాతవి. మూడింటినీ ఒకే వెన్నెల రాత్రి ఒక చోట చేర్చినందుకు రచయితలతో తగాదా పెట్టుకోవడం దండగ. చందమామలో రాజుగారు ఏ శతాబ్దం వాడని మనం ఎన్నడైనా అడిగామా?

నా పేచీ శాపం దగ్గరే. ఈ నవలలన్నిటిలోనూ శాపం తగిలేది దొరకు. ఎందుకు తగిలిందంటే, అతను చేసిన తప్పేమీ ఉండదు. ఎవరో మంత్రగత్తె అసూయ, ఎవరో డ్రూయిడ్ పదవీకాంక్ష, లేదా తాతల నాటి ఒప్పందం. అతని ప్రజలు చచ్చిపోతే అది శాపం వల్ల. అతను కోపంలో నరికేస్తే అదీ శాపం వల్లే. మూడు వందల ఏళ్లు కోటలో దాక్కుని ఎవరినీ పట్టించుకోకపోయినా శాపమే కారణం. ఎంత కడిగినా అతని చేతికి మరక కనిపించదు.

ఈ ఏర్పాటు నాకు ఎక్కడో చదివినట్టే అనిపించింది. ఎక్కడో కాదు, శకుంతల కథలో.

దుష్యంతుడి మరపు

మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో దుర్వాసుడు లేడు, ఉంగరం లేదు. శకుంతల కొడుకును వెంటబెట్టుకుని సభకు వస్తుంది. దుష్యంతుడికి అంతా గుర్తుంటుంది. గుర్తుండే, నువ్వెవరో నాకు తెలియదంటాడు. ఆమె నిలదీస్తుంది, నీతులు చెబుతుంది, చివరికి ఆకాశవాణి సాక్ష్యం పలికితే గాని అతను ఒప్పుకోడు. లోకం అనుమానించకూడదనే అలా అన్నానని సర్దిచెప్పుకుంటాడు. మన నన్నయ్య తెలుగు చేసినదీ ఈ కథనే.

కాళిదాసు చేతికి వచ్చేసరికి శాపం వచ్చి చేరింది. ఇక రాజు అబద్ధాలకోరు కాడు, పాపం మరచిపోయాడంతే. శాపం తగిలిందేమో అతిథిని గమనించకుండా పరధ్యానంగా కూర్చున్న ఆడపిల్లకు. నాటకం ఎంత గొప్పదైనా ఆ శాపం రాజుకు చేసిన ఉపకారం మాత్రం తెలిసిపోతూనే ఉంటుంది. కాళిదాసును నేను తక్కువ చేయడం లేదు. శాపం లేకపోతే ఆరో అంకంలో దుష్యంతుడి పశ్చాత్తాపాన్ని మనం నమ్మం, ఏడవం. ప్రేక్షకుడి జాలి కావాలంటే నాయకుడి నేరాన్ని కొంత దించాల్సిందే. హైలాండ్ నవల రాసేవాళ్లు చేస్తున్నదీ అదే పని, కాస్త మొరటుగా.

అయితే శాపానికి ఉన్న వాడుక ఇదొక్కటే కాదు. జనం నోట బతికిన కథల్లో శాపం కింది నుంచి పైకి పోతుంది. మైసూరు రాజభటులు తరుముకొస్తుంటే మాలంగి దగ్గర కావేరిలో దూకిన అలమేలమ్మ, తలకాడు ఇసుక పాలు కావాలని, మాలంగి మడుగు కావాలని, మైసూరు రాజులకు సంతానం కలగకూడదని శపించింది. ఆమె చేతిలో సైన్యం లేదు, న్యాయం చెప్పేవాడు లేడు. మిగిలింది నోరొక్కటే. మన ఊళ్లలో పేరంటాళ్ల గుళ్ల వెనక ఉన్న కథలు అడిగి చూడండి, వాటిలో చాలా కథలు ఈ తీరులోనే నడుస్తాయి. ఉసురు తగలడమంటే బలవంతుడి ఉసురు బలహీనుడికి తగలడమని ఎవరూ అనుకోరు.

మరి అసలు హైలాండ్స్‌లో శాపం ఎటు నుంచి ఎటు పోయేది?

నెస్ నదిలో తెల్ల రాయి

డ్రూయిడ్లు శపిస్తుండగా మనకు కనిపించే అత్యంత పాత దృశ్యం రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసినది. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సేన వేల్స్ పక్కనున్న మోనా ద్వీపం మీదికి వెళ్లింది. ఒడ్డున నల్లబట్టలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని, కాగడాలు పట్టుకుని ఆడవాళ్లు పరుగులు పెడుతున్నారు. వాళ్ల చుట్టూ డ్రూయిడ్లు ఆకాశం వైపు చేతులెత్తి భయంకరమైన శాపనార్థాలు పెడుతున్నారు. సైనికులు కాసేపు కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోయారట. తర్వాత తేరుకుని అందరినీ నరికి, వాళ్ల పవిత్ర వనాలను కొట్టేశారు. రాసినవాడు గెలిచిన పక్షం వాడు, అతని ప్రతి మాటనూ నమ్మనక్కర్లేదు. కానీ శాపం ఏ దిక్కుకు పోతోందో స్పష్టమే. దండెత్తి వచ్చినవాడి మీదికి.

ఇది హైలాండ్స్‌కు చాలా దూరం. హైలాండ్స్‌లోనే డ్రూయిడ్ లాంటి మనిషి ఒకడు పేరుతో సహా కనిపిస్తాడు, బ్రోయిఖాన్. 563లో ఐర్లండ్ నుంచి వచ్చి అయోనా ద్వీపంలో మఠం పెట్టిన కొలంబా చరిత్రను, ఆయన పోయిన నూరేళ్లకు అడోమ్నాన్ అనే మఠాధిపతి లాటిన్‌లో రాశాడు. అందులో ఉందీ కథ. బ్రోయిఖాన్ అప్పట్లో ఉత్తర స్కాట్లండ్‌ను ఏలిన పిక్టుల రాజు బ్రిడేకి పెంపుడు తండ్రి, ఆస్థాన మాంత్రికుడు. అతని దగ్గర ఐర్లండ్ నుంచి తెచ్చిన బానిస పిల్ల ఒకతె ఉంది. ఆమెను వదిలిపెట్టమని కొలంబా అడిగాడు. అతను కాదన్నాడు. నేను ఈ దేశం దాటేలోపే చస్తావని రాజు ఎదుటే చెప్పి, కొలంబా నెస్ నది ఒడ్డుకు వెళ్లి ఒక తెల్ల గులకరాయి తీసుకున్నాడు. అంతలో అక్కడ బ్రోయిఖాన్ తాగుతున్న గాజు పాత్ర చేతిలోనే ముక్కలైంది, అతనికి ఊపిరి ఆడలేదు. పిల్లను వదిలేస్తానన్నాకే ఆ రాయిని నీళ్లలో వేసి తాగించారు. రాయి పండులా నీటి మీద తేలిందట. బతికాక బ్రోయిఖాన్ ఊరుకున్నాడా? నువ్వు ప్రయాణమయ్యే రోజు గాలిని ఎదురు తిప్పుతాను, పొగమంచు కప్పిస్తాను అన్నాడు. అన్నట్టే జరిగింది. కొలంబా ఎదురుగాలిలోనే తెరచాప ఎత్తించి లాఖ్ నెస్ సరస్సు మీద సాగిపోయాడు.

ఈ కథ నా వాదానికి పూర్తిగా కలిసిరాదని నాకూ తెలుసు. ఇక్కడ డ్రూయిడ్ బలహీనుడు కాడు, రాజు ఇంటి మనిషి, బానిసను పెట్టుకున్నవాడు. శపించిన కొలంబా కూడా రాజవంశీకుడే. పైగా ఇది క్రైస్తవ మఠం తన మూలపురుషుడిని పొగుడుకుంటూ రాసుకున్నది. అయినా దెబ్బ పడిందెవరి మీద? యజమాని మీద, ఒక పనిపిల్లను వదలనందుకు. ఆ పిల్ల పేరు అడోమ్నాన్ రాయలేదు. పొగమంచు, ఎదురుగాలి, పగిలిన గాజుపాత్ర, ఇన్ని సరంజామాలు సిద్ధంగా ఉండగా ఆమె వైపు నుంచి కథ చెప్పాలని ఈ నవలల్లో ఎవరికీ తోచకపోవడం నాకు వింతే.

సీఫోర్త్ వంశం

హైలాండ్స్ శాపాల్లో అన్నిటికంటే పేరున్నది సీఫోర్త్ దొరల మీద ఉన్నది. వీళ్లు మెకెంజీ క్లాన్ పెద్దలు, బ్రాహన్ వాళ్ల కోట. కొన్యఖ్ ఓవర్ అనే పనివాడికి చిల్లి రాయిలోంచి చూస్తే జరగబోయేవి కనిపించేవట. దొర పారిస్ వెళ్లి ఎంతకూ రాకపోతే దొరసాని ఇతన్ని పిలిపించి ఆయన ఏం చేస్తున్నాడో చెప్పమంది. అతను నవ్వి, కులాసాగా ఉన్నాడన్నాడు. నిలదీస్తే, ఎవరో అందగత్తె ముందు మోకరిల్లి ఉన్నాడని నలుగురిలో చెప్పేశాడు. అవమానం భరించలేక ఆమె అతన్ని చానన్రీ పాయింట్ దగ్గర తారు పీపాలో కాల్పించింది. పోయే ముందు అతను చెప్పినది: ఈ వంశంలో ఆఖరివాడు చెవిటి మూగవాడవుతాడు, నలుగురు కొడుకులూ అతని కళ్లముందే పోతారు, తూర్పు నుంచి తెల్ల ముసుగుతో వచ్చిన ఆడపిల్లకు ఆస్తి దక్కుతుంది, ఆమె చేతిలో ఆమె చెల్లెలు చస్తుంది.

ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకెంజీ, ఆఖరి లార్డ్ సీఫోర్త్, చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవుడు తెచ్చుకున్నాడు. చివరి రోజుల్లో మాట కూడా దాదాపు మానేశాడు. కొడుకులు అతని ముందే పోయారు. 1815 జనవరిలో అతనూ పోయాడు, బిరుదు అంతరించింది. కవి వాల్టర్ స్కాట్ విలాపగీతం రాశాడు.

ఇక్కడ అనుమానాలు లేకపోలేదు. ఈ జోస్యాలను అలెగ్జాండర్ మెకెంజీ పుస్తకంగా వేసింది 1877లో, అంటే జరగాల్సినవన్నీ జరిగిపోయాక. కాల్పించిందని చెప్పే దొరసానిది 17వ శతాబ్దం. కొన్యఖ్ ఓవర్ అన్న పేరుతో మంత్రగాణ్ని పట్టుకోమన్న ఉత్తర్వు దొరుకుతున్నది మాత్రం 1577 నాటిది, అదీ వేరే ఇంటి వ్యవహారంలో. జరిగిన సంగతులకు జనం వెనక నుంచి జోస్యం అతికించి ఉంటారు. ఉండనివ్వండి. నాకు కావలసింది ఆ అతికించడమే. ఇదే జోస్యుడి పేరిట, ఒకనాడు గొర్రెల దండు ముందు మనుషులు పారిపోతారన్న మాట కూడా చెప్పుకున్నారు. దొరలు జనాన్ని వెళ్లగొట్టి గొర్రెలను దింపిన కాలాన్ని చూసినవాళ్లు దొర వంశం మీద పడిన శాపాన్ని తరతరాలుగా తలచుకోవడంలో వింతేముంది? నవలలో డ్రూయిడ్ శాపం దొరను బాధితుణ్ని చేస్తుంది. ఈ కథలో అదే శాపం అతన్ని నేరస్తుడిగా నిలబెడుతుంది.

నవలల్లో కనిపించని మరో సంగతి, ఆ కాలంలో నిజంగా కత్తి పట్టిన హైలాండ్ వీరుడెవరన్నది. ఆ ఆఖరి లార్డ్ సీఫోర్తే 1793లో 78వ హైలాండర్స్ రెజిమెంట్ లేవదీశాడు. ఆ రెజిమెంటు 1803లో అస్సాయే యుద్ధంలో మరాఠాలతో పోరాడింది. అక్కడ పోయినవాళ్లు దొరలు కారు, దొర పిలుపు మీద పేరు రాయించుకున్న రైతుబిడ్డలు. ఒక కొడుకు సైన్యంలో చేరితే ఇంటివాళ్లకు భూమి నిలుస్తుందన్న ఆశతో హైలాండ్ రెజిమెంట్లలో చేరినవాళ్లు ఎందరో. శాపగ్రస్త వీరుడంటే నాకు వాళ్లే గుర్తొస్తారు. నవలల్లో వాళ్లు ఉండరు, ఉన్నా దొర వెనక గుర్రాలు పట్టుకుని నిలబడతారు.

ముసలి మంత్రగత్తె

1814లో సదర్లాండ్ జిల్లా స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్లు ఖాళీ చేయించారు. సదర్లాండ్ దొరసాని తరఫున పని నడిపింది ప్యాట్రిక్ సెల్లర్. గొర్రెల కోసం ఆ భూమిని కౌలుకు తీసుకున్నదీ అతనే. విలియం చిజమ్ అనే అతని ఇంట్లో అత్తగారు మంచాన ఉంది, ఆమెకు నూరేళ్లు నిండవచ్చాయి. కదిలిస్తే బతకదని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. ముసలి మంత్రగత్తె, ఎక్కువ కాలమే బతికింది, కాలనివ్వండి అని సెల్లర్ అన్నాడని తాను అక్కడే ఉన్నానన్న డోనల్డ్ మక్లౌడ్ తర్వాత రాశాడు. దుప్పట్లకు నిప్పంటుకుంటుండగా ఆమెను బయటికి మోశారు. అయిదు రోజుల్లోపే పోయింది. సెల్లర్ మీద 1816లో విచారణ జరిగింది, జ్యూరీ నిర్దోషి అంది.

సెల్లర్ నోట నిజంగా ఆ మాటే వచ్చిందా లేదా అన్నది కోర్టు తేల్చలేదు. కానీ అదే జిల్లాలోని డోర్నఖ్‌లో 18వ శతాబ్దం తొలిరోజుల్లో జానెట్ హోర్న్ అనే ముసలామెను, కూతుర్ని గుర్రంగా మార్చి ఎక్కి తిరిగిందన్న నేరం మోపి కాల్చారు. మంత్రగత్తె అన్న నింద ఎవరు ఎవరి మీద వేసేవారో ఈ రెండింటితోనే తెలుస్తుంది. అందుకే నవలలో ముడతలు పడ్డ ముఖంతో, పొగ మధ్య కూర్చుని దొర మీద పగబట్టిన మంత్రగత్తె రాగానే నాకు కథ మీద ధ్యాస పోతుంది, చిజమ్ అత్తగారి మంచం గుర్తొస్తుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ఎనభైల్లో వారపత్రికలను ఊపేసిన క్షుద్ర నవలల్లో మంత్రగాడు ఎక్కడి నుంచి వచ్చేవాడు? అడవి నుంచో, కొండల్లోని గూడెం నుంచో, శ్మశానం నుంచో. చేతబడి ఎవరికి తగిలేది? బంజారాహిల్స్ బంగళాలోని ముద్దుల బిడ్డకు. వారం వారం గుండెలు అరచేతిలో పెట్టుకుని చదివినవాళ్లం. ఇటు ఊళ్లలో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో పళ్లూడగొట్టిన వార్తలు, కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీల్లో వచ్చేవి. ఇప్పటికీ వస్తున్నాయి. ఆ నవలల వల్లే ఇవి జరిగాయని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. ఉన్న భయాన్ని నవల ఏ వైపు నిలబడి వాడుకుందన్నదే నా ప్రశ్న.

మా వదిన మాట

ఈ గోలంతా డాలస్‌లో ఉండే మా వదినకు ఫోనులో వినిపించాను. ఈ నవలలు నాకు అలవాటు చేసింది ఆవిడే. అంతా విని, “అమ్మాయ్, పొద్దున్నించీ ఆఫీసు, పిల్లలు, వంట. రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకునేది గొర్రెల లెక్కలు తేల్చడానికి కాదు” అంది. ఆ తర్వాత ఆవిడ అన్నది ఇంకా గట్టి మాట. ఈ కథల్లో మగవాడు ఎంత బలవంతుడైనా తన బాధ తనంతట తాను తీర్చుకోలేడు. ఒక ఆడమనిషి ముందు కూర్చుని, నాకిలా ఉంది అని చెప్పుకోవాలి. “అలా చెప్పుకునే మగవాణ్ని నువ్వు ఎంతమందిని చూశావు? మీ అన్నయ్యకు జ్వరం వచ్చినా చెప్పరు. శాపముంటే గాని నోరు విప్పరనేగా రచయిత్రులు శాపం పెట్టింది.”

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. శాపం అక్కడ నోరు తెరిపించే పనిముట్టు అన్నది నిజమే. పైగా మంత్రం తెలిసిన అమ్మాయిని కాల్చకుండా పెళ్లికూతుర్ని చేసిన సాహిత్యం ఇదొక్కటేనేమో. అది చిన్న విషయం కాదు. కానీ ఆ అమ్మాయి శక్తంతా ఎక్కడ ఖర్చవుతోంది? దొరను బాగు చేయడంలో. ఆమెకు తన పగ ఉండదు, తన ఊరి పగ ఉండదు. “నిజంగా తప్పు చేసిన దొరకు శాపం తగిలితే, అది తీరడానికి అతను ఏదైనా తిరిగి ఇచ్చుకోవలసి వస్తే ప్రేమ పుట్టదా వదినా?” అన్నాను. “భూములు పంచేస్తాడా? అప్పుడు కోట ఉండదు, పెళ్లి ఎక్కడ చేస్తారు?” అంది. కోట ఉండాలన్న దగ్గర ఆవిడ రాజీపడదు.

అప్పుడు సీఫోర్త్ కూతురి సంగతి చెప్పాను. మన వైపుకు ఆ ఇంటితో నిజంగానే ఒక చుట్టరికం ఉంది. కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకెంజీ ఆ దొరల ఏలుబడిలోని లూయిస్ దీవిలో, స్టోర్నొవేలో పుట్టాడు. కలానిష్ నిలువురాళ్లున్నది ఆ దీవిలోనే. సీఫోర్తుల ప్రాపకంతో 1783లో మద్రాసు చేరాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, అతని తమ్ముడు లక్ష్మయ్య తోడుగా, గుడి ఎలా వెలిసింది, చెరువు ఎవరు తవ్వించారు, ఊరెందుకు పాడుబడింది అని కరణాల దగ్గరా ముసలివాళ్ల దగ్గరా రాయించుకున్నాడు. సొంత దీవి జనం చెప్పుకునే కథల్ని అతను అలా రాయించలేదు.

సీఫోర్త్ పెద్ద కూతురు మేరీ, సముద్ర సేనాని సర్ శామ్యూల్ హుడ్ భార్య. అతను 1814 డిసెంబరు 24న మద్రాసులో పోయాడు. కొద్ది వారాలకే అటు స్కాట్లండ్‌లో ఆమె తండ్రి పోయాడు. వితంతువు ముసుగుతో తూర్పు నుంచి వచ్చిన ఆడపిల్ల ఆమే. ఆస్తి ఆమెకు వచ్చింది, అప్పులతో సహా. 1823లో బ్రాహన్ దగ్గర ఆమె స్వయంగా తోలుతున్న బండి గుర్రాలు బెదిరాయి. పక్కన కూర్చున్న చెల్లెలు కారొలైన్ ఆ దెబ్బలతో చనిపోయింది. 1844లో లూయిస్ దీవి అమ్ముడుపోయింది, కొన్నది చైనా నల్లమందు వ్యాపారంలో గడించిన జేమ్స్ మాథెసన్.

వదిన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. “మళ్లీ పెళ్లి చేసుకుందా?” అని అడిగింది. చేసుకుంది, 1817లో, స్టూవర్ట్ అనే అతన్ని. అతను ఆమె ఇంటిపేరును తన పేరులో కలుపుకుని స్టూవర్ట్-మెకెంజీ అయ్యాడు. తర్వాత సిలోన్‌కు గవర్నరుగా కూడా వెళ్లాడు.

“భార్య ఇంటిపేరు పెట్టుకున్నాడా?” అంది. “ఇది ఎవరైనా రాస్తే, కోట లేకపోయినా కొంటాను.”